తల కొలతలు, తలరాతలు

(తిరుపతిలో దళిత ఉపాధ్యాయులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ పూట నేను మెదడు గురించి మాట్లాడతాను. ఇదేంది, సంఘం మీటింగులో డాక్టర్ల పాఠం అనుకోవద్దండి. మన బతుకుల మీద రాసిన తీర్పుల్లో చాలా తీర్పులు ఈ మెదడు పేరు మీదే రాసినారు. అందుకని దాని సంగతేందో మనకు తెలిసి ఉండాల.

బడుల్లో పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన మాట ఒకటుంది. "ఆ కాలనీ పిల్లకాయలకు చదువు ఎక్కదు సార్, బుర్రలో గుజ్జు లేదు" అంటారు. కులం పేరు ఎత్తరు. ఎత్తితే కేసవుతుందని తెలుసు. 'కాలనీ' అంటే చాలు, వినేవాడికి అర్థమైపోతుంది. పెద్ద కాలేజీలకు పోతే ఇదే మాట ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని 'మెరిట్' అవుతుంది. 1990లో మండల్ సిఫార్సుల అమలును ప్రకటించినప్పుడు అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపినారు. ఆ నిరసనకు అర్థమేంది? 'తల మాది, చీపురు మీది. దీన్ని తారుమారు చేస్తే ఒప్పుకోం' అనే కదా! చీపురు పట్టుకోవడం వాళ్ళకు ఒక్కరోజు నాటకం. మన అమ్మలకు అది రోజూ బతుకు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న అడుగుదాం. తెలివి పుట్టుకతో తలలో పోసి పంపిస్తారా? తల పెద్దదైతే తెలివి పెద్దదా? కులానికొక మెదడు ఉంటుందా?

ఈ ప్రశ్నను మనకంటే ముందు తెల్లదొరలు అడిగినారు. 19వ శతాబ్దంలో అమెరికాలో శామ్యూల్ మోర్టన్ అనే డాక్టరు వందల పుర్రెలు పోగేసినాడు. వాటిలో గింజలు పోసి, తర్వాత సీసం గుండ్లు పోసి, ఎన్ని పడతాయో కొలిచినాడు. 1839లో పుస్తకం వేసినాడు. తెల్లవాళ్ళ పుర్రె పెద్దది, నల్లవాళ్ళది చిన్నది అని తేల్చినాడు. బానిసత్వాన్ని సమర్థించేవాళ్ళకు అది పండగే అయింది. పారిస్‌లో పాల్ బ్రోకా అనే పెద్ద శాస్త్రవేత్త మెదళ్ళు తూచి, ఆడవాళ్ళ మెదడు బరువు తక్కువ కాబట్టి తెలివి తక్కువ అన్నాడు. చూడండి, కొలిచేవాడు ఎవడో వాడి తలే ఎప్పుడూ పెద్దదిగా తేలుతుంది!

మోర్టన్ కొలతలు ఆయన పక్షపాతం వల్ల తప్పుగా తేలినాయని 1981లో స్టీఫెన్ జే గౌల్డ్ రాసినాడు. 2011లో ఆ పుర్రెలను మళ్ళీ కొలిచినవాళ్ళు, కొలతలు చాలావరకు సరిగానే ఉన్నాయన్నారు. దీనికి మనం ఉలిక్కిపడాల్సిన పని లేదు. కొలత సరిగా ఉన్నా, దానికి చెప్పిన అర్థం అబద్ధం. తల సైజు ఒంటి సైజును బట్టి మారుతుంది. చలిదేశాల వాళ్ళ తలలు సగటున పెద్దవి, ఎండదేశాల వాళ్ళవి చిన్నవి. అది వాతావరణం సంగతి. దాన్ని తెలివి సంగతిగా చెప్పడమే మోసం.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1885లో ఎడ్గార్ థర్స్‌టన్ అనే దొర మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటుగా వచ్చినాడు. ఈయన కొలత పరికరాలు పట్టుకుని ప్రెసిడెన్సీ అంతా తిరిగి కులం కులం వారీగా తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు కొలిచినాడు. ఆయనా, కె. రంగాచారీ కలిసి తెచ్చిన ఏడు సంపుటాలు 1909లో వచ్చినాయి. మాలలు, మాదిగలు, యానాదులు, ఎరుకలు అందరూ ఆ సంపుటాల్లో ఉన్నారు. వయనాడులో పణియ ఆడవాళ్ళు ఈయన్ను చూసి పరుగెత్తినారంట, తమను చంపి మ్యూజియంలో బొమ్మలుగా పెడతాడేమోనని. వాళ్ళది అమాయకత్వమని దొర నవ్వుకున్నాడు. నాకైతే వాళ్ళకు అసలు సంగతి తెలిసిపోయిందనిపిస్తుంది. మనుషులను వస్తువులుగా చూసే చూపును వాళ్ళు గుర్తుపట్టినారు.

థర్స్‌టన్‌కు పైన ఇంకొక దొర ఉన్నాడు, హెర్బర్ట్ రిస్లీ. 1901 జనాభా లెక్కలకు కమిషనరు. ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత పైన, ముక్కు ఎంత వెడల్పుగా ఉంటే కులం అంత కింద అని సూత్రం కట్టినాడు. మనువు నోటితో చెప్పిందాన్ని ఈయన స్కేలుతో చెప్పినాడు. అయితే థర్స్‌టన్ పట్టికల్లోనే ఒక్కొక్క కులంలో అతి తక్కువ కొలతకూ అతి ఎక్కువ కొలతకూ మధ్య ఎంతో దూరం కనపడుతుంది. 1932లో ఘుర్యే ఈ లెక్కలను మళ్ళీ పరిశీలించి, రిస్లీ సూత్రం ఒక్క ఉత్తర హిందుస్థానంలో తప్ప మిగతా చోట్ల నిలవదన్నాడు. ఆ అంకెలను బాబాసాహెబ్ చేతిలోకి తీసుకున్నారు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్'లో ఆయన తేల్చిందేమంటే, బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే, బ్రాహ్మణుడు ద్రావిడుడైతే వీడూ ద్రావిడుడే. వాళ్ళ టేపుతోనే వాళ్ళ సిద్ధాంతానికి ఉరి వేసినాడు మహానుభావుడు!

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాల. 1920ల చివర్లో ఇరావతీ కర్వే అనే మహారాష్ట్ర యువతి బెర్లిన్‌లో యూజెన్ ఫిషర్ దగ్గర పరిశోధనకు చేరింది. ఈ ఫిషర్ తర్వాతి కాలంలో నాజీల జాతి సిద్ధాంతానికి అండగా నిలిచినవాడు. తెల్లవాళ్ళ పుర్రెలో కుడి ఎడమల తేడా ఎక్కువ, అందుకే వాళ్ళకు తర్కబుద్ధి ఎక్కువ, దాన్ని రుజువు చెయ్యి అన్నాడు. ఆమె 149 పుర్రెలు కొలిచింది. ఆ తేడాకూ జాతికీ సంబంధమే లేదని రాసిచ్చింది. గురువు కోపానికి జంకలేదు. పుట్టుకకు ఆమె బ్రాహ్మణ కుటుంబమే. నిజాయితీగా కొలిస్తే ఎవరు కొలిచినా ఇదే తేలుతుందని చెప్పడానికే ఈ మాట చెప్తున్నాను.

ఇప్పుడు మెదడు దగ్గరికి పోదాం. మనిషి మెదడు 1,300 నుంచి 1,400 గ్రాములు తూగుతుంది. బరువే తెలివైతే, మన పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అడవిలోనుంచి దిగి చెరుకుతోట తొక్కిపోయే ఏనుగు మనకు వైస్ ఛాన్సలర్ కావాల. దాని మెదడు నాలుగున్నర, అయిదు కిలోలుంటుంది. సముద్రంలో పెద్ద తిమింగలానికి ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. పోనీ, ఒంటి బరువుతో పోల్చి చూద్దామంటారా? ఆ లెక్కన చిట్టెలుకకూ మనిషికీ దాదాపు ఒకటే పాలు. మరి చిట్టెలుకకు సీటిస్తారా?

మనుషుల్లోనే చూడండి. రష్యా రచయిత తుర్గెనేవ్ చనిపోయినప్పుడు మెదడు తూస్తే రెండు కిలోలు దాటింది. 1921లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్ మెదడు కిలోకు కొంచెమే ఎక్కువ, 1,017 గ్రాములు. సగానికి సగం! 1955లో ఐన్‌స్టీన్ చనిపోతే డాక్టరు ఆయన మెదడు తీసి దాచిపెట్టినాడు. తూస్తే 1,230 గ్రాములు. సగటు మగవాడి మెదడు కంటే తక్కువే. ఆడవాళ్ళ మెదడు సగటున పది పాళ్ళు చిన్నది. తెలివి పరీక్షల్లో సగటున తేడా లేదు. బ్రోకా ఉంటే ఏమనేవాడో!

అయితే సైజుకూ తెలివికీ బొత్తిగా సంబంధమే లేదని మనం అనకూడదు. అట్లంటే రేపు ఎవడో ఒకడు కాగితం తెచ్చి మన నోరు మూయిస్తాడు. ఉన్న మాట ఇది. 2015లో 88 పరిశోధనలను, 8,000 మందికి పైగా మనుషుల లెక్కలను ఒకచోట చేర్చి చూసినారు. సంబంధం ఉంది, కానీ బలహీనం. మనిషికీ మనిషికీ మధ్య తెలివి పరీక్ష మార్కుల్లో ఉండే తేడాలో, మెదడు సైజుతో ముడిపడింది వందలో సుమారు ఆరు పాళ్ళు. మిగతా 94 పాళ్ళు సైజుకు బయటే ఉన్నాయి. ఆరు పాళ్ళ మీద కులాల మేడ కట్టలేరు.

మరి ఆ మిగతాదంతా ఏంది? అక్కడుంది మెదడు నిర్మాణం. మెదడులో న్యూరాన్లనే కణాలు ఉంటాయి. మనిషికి 8,600 కోట్లు. ఏనుగుకు ఇంకా ఎక్కువ, 25,700 కోట్లు. కానీ ఏనుగు న్యూరాన్లలో 98 పాళ్ళు వెనక ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. ఒంటి కదలికలను సరిచూసే భాగం అది. ఆలోచనకు ముఖ్యమైన పైపొరలో ఏనుగుకు 560 కోట్లే. మనకు 1,600 కోట్లు. కాకి మెదడు చూడబోతే చిన్నది. కానీ కాకి, చిలక జాతుల మెదళ్ళలో కణాలు ఇరుకిరుకుగా అమరి ఉంటాయనీ, అంతే బరువున్న కోతి మెదడులో కంటే దాదాపు రెండింతలు ఉంటాయనీ 2016లో లెక్క తేల్చినారు. కాబట్టి గంప ఎంత పెద్దదని చూసి లాభం లేదు, అందులో ఏం పట్టింది, ఎట్లా సర్దినారు అన్నది చూడాల.

ఈ కణాలు ఊర్లు అనుకోండి. ఊర్లు ఉంటే సరిపోదు, ఊరికీ ఊరికీ దారి ఉండాల. ఒక్కొక్క న్యూరాను వేల న్యూరాన్లతో దారి కలుపుకుంటుంది. నడిచే కొద్దీ బాట గట్టిపడుతుంది. నడవని బాటలో తుమ్మ మొలుస్తుంది. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో నాలుగో వంతే. రెండేళ్ళు నిండేసరికి మూడు వంతులు దాటుతుంది. అంటే మెదడులో ముప్పాతిక భాగం తల్లి కడుపులోనుంచి బయటికొచ్చినాక కట్టిన ఇల్లు. ఆ ఇంటికి ఇటుక కావాల, నీళ్ళు కావాల, మేస్త్రీ కావాల. తిండే ఇటుక. మాట, ఆట, ముద్దు, ధైర్యం, ఇవే మేస్త్రీలు.

1960లలో అమెరికాలోని బర్కిలీలో ఎలుకల మీద ప్రయోగం చేసినారు. కొన్నిటిని తోడు ఎలుకలు, ఆటవస్తువులు ఉన్న పెద్ద బోనులో పెట్టినారు. కొన్నిటిని ఒంటరిగా, ఖాళీ బోనులో పెట్టినారు. తర్వాత కోసి చూస్తే, ఆడుకున్న ఎలుకల మెదడు పైపొర మందంగా ఉంది. ఎలుకలన్నీ ఒకే జాతివి, బోను ఒక్కటే తేడా. ఊరికి అవతల, శ్మశానం పక్కన, మురుగుకాలువ ఒడ్డున మనవాళ్ళను ఉంచిన బోను పేరు మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎలుకలు వద్దు, మనుషుల సంగతే చెప్పమంటారా? లండన్ టాక్సీ డ్రైవర్లు వేల వీధులు కంఠస్థం చేస్తారు. దారులు గుర్తుపెట్టుకునే మెదడు భాగంలో వెనకవైపు వాళ్ళకు పెద్దదిగా ఉందని, ఎన్నేళ్ళు నడిపితే అంత పెద్దదని 2000లో తేలింది. ఇంకా దగ్గరిది చెప్తాను. లక్నో దగ్గరి పల్లెల్లో అక్షరం ముక్క రాని పెద్దవాళ్ళకు, ఎక్కువమంది ఆడవాళ్ళే, ఆరునెలలు చదవడం, రాయడం నేర్పినారు. 2017లో ఆ ఫలితం వచ్చింది. ముందూ వెనకా మెదడు ఫొటోలు తీసి చూస్తే, మెదడు అడుగు భాగాల దాకా అనుసంధానం మారింది. ముప్పై ఏళ్ళు వచ్చినాక, ఆరే ఆరు నెలల్లో! 1990ల మొదట్లో మన చిత్తూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది గుర్తుందా? పొద్దంతా చెనక్కాయ చేలల్లో కలుపు తీసి, రాత్రికి దీపం ముందు కూర్చుని సంతకం నేర్చుకున్న మన అమ్మలు, అవ్వలు పలక మీద గీతలే గీసినారని మనం అనుకున్నాం. వాళ్ళు తలలో దారులు వేసుకున్నారు.

ఇప్పుడు తిండి సంగతి. ఇది మన తెలుగు నేల మీద జరిగిన పరిశోధన. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నామే, హైదరాబాదులోని ఆ సంస్థ శాస్త్రవేత్తలు చంపకం, శ్రీకాంతియా, గోపాలన్ 1968లో అచ్చు వేసినారు. పసితనంలో తిండి లేక ఒళ్ళు ఉబ్బిపోయే క్వాషియోర్కర్ జబ్బుకు వైద్యం పొందిన 19 మంది పిల్లలను, ఎనిమిది నుంచి పదకొండేళ్ళ వయసులో మళ్ళీ పిలిపించి తెలివి పరీక్షలు పెట్టినారు. పోల్చి చూడడానికి ఆ జబ్బు రాని పిల్లలను తీసుకున్నారు. వాళ్ళను ఎట్లా ఎంచినారో గమనించండి. అదే వయసు, అదే మతం, అదే కులం, అదే ఆర్థిక స్థితి, తల్లిదండ్రుల చదువు కూడా అంతే. కులం ఒకటే, వీధి లాంటిదే, ఇల్లు లాంటిదే. పసితనంలో ఆ జబ్బు పడ్డవాళ్ళే వెనకబడినారు. అంటే కులం మార్కులు తగ్గించలేదు, ఆకలి తగ్గించింది.

ఇక్కడొక ప్రమాదం ఉంది. జాగ్రత్తగా వినండి. మనం ఆకలి అనగానే అవతలివాడు మెత్తగా నవ్వి, "సరే, పుట్టుక వల్ల కాకపోయినా ఆకలి వల్లయినా మీ పిల్లల మెదడు చెడిపోయింది కదా" అంటాడు. జాలి వేషం వేసుకుని పాత తీర్పే మళ్ళీ చెప్తాడు. వాడికి జవాబు కూడా ఆ హైదరాబాదు పరిశోధనలోనే ఉంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల్లో కనపడిన వెనకబాటు పది, పదకొండేళ్ళ పిల్లల్లో తక్కువగా ఉంది. 1975లో ఇంకొకటి వచ్చింది. పసితనంలో బాగా మాడిపోయి, తర్వాత అమెరికా కుటుంబాలకు దత్తతపోయిన కొరియా ఆడపిల్లలను పరీక్షించినారు. వాళ్ళ సగటు 102. మామూలు సగటు 100 అని గుర్తుంచుకోండి. చిన్నప్పుడు బాగా తిన్న కొరియా పిల్లలకు 112 వచ్చింది. అంటే ఆకలి దెబ్బ నిజమే, ఆ పది మార్కులు దొంగిలించింది. కానీ తిండీ, ఇల్లూ, బడీ దొరికితే మాడిన బిడ్డ కూడా ఎవరికీ తీసిపోని చోటికి వచ్చింది. కాబట్టి మన పిల్లలు చెడిపోయిన సరుకు కాదు. బాకీపడిన పిల్లలు. బాకీ తీర్చాల్సింది సమాజం, ప్రభుత్వం.

మూడోది భయం. తిండి పెట్టినా, పుస్తకాలిచ్చినా, ఒక్క మాటతో తల మూసుకుపోతుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. 321 మంది అగ్రకులాల పిల్లలు, 321 మంది దళిత పిల్లలు. ఎవరి కులమూ చెప్పనప్పుడు ఇద్దరూ సమానంగా చేసినారు. అందరి ముందర పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించినాక, అదే తెలివి ఉన్న దళిత పిల్లలు చేసిన లెక్కలు సుమారు అయిదో వంతు తగ్గిపోయినాయి. ఈ ఫలితం 2004లో, 2006లో అచ్చయింది. ఒక్క నిమిషంలో మెదడు చిన్నదైపోయిందా? న్యూరాన్లు పారిపోయినాయా? లేదు. బిడ్డ సగం మనసు లెక్క మీద, సగం మనసు చుట్టూ ఉన్న కళ్ళ మీద పెట్టింది. "స్కాలర్‌షిప్ వాళ్ళంతా లేచి నిలబడండి" అని క్లాసులో కేక వేసే అయ్యవార్లారా, మీరు ఆ ప్రయోగాన్ని రోజూ చేస్తా ఉన్నారు.

ఇంకొక మాట. మనోళ్ళకు బుర్ర లేదన్నవాళ్ళు తంగేడు చెక్కతో పచ్చితోలును ఊనబెట్టి, కపిల బావికి తోలుబాన కుట్టింది ఎవరో మరిచిపోయినారు. ఆ బానతో తోడిన నీళ్ళతోనే ఈ రాయలసీమ మెట్టలో మడి పండింది. ఎంతసేపు నానాల, ఎంత చెక్క పడాల, ఎప్పుడు తీయాల అనేది రసాయనశాస్త్రం కాదా? పలక కొట్టే చేతికి తాళం లెక్క రాకుండా ఎట్లా వచ్చింది? మళ్ళీ ఆ పనికే పోదామని నేను అనడం లేదు. పిల్లోళ్ళు డాక్టర్లు కావాల, కలెక్టర్లు కావాల. కానీ చేతిపని చేసిన తలను ఖాళీ తల అన్నది ఎవరి అవసరమో గుర్తుంచుకోవాల.

చివరిగా చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను. ఉపాధ్యాయ మిత్రులారా! 'మట్టిబుర్ర' అనే మాటను మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరన్నా అంటే అక్కడే అడ్డుపడండి. స్కాలర్‌షిప్ ఫారాలు పిల్లకాయను పక్కకు పిలిచి ఇవ్వండి. ఒకటో తరగతిలో చదవడం రాని బిడ్డను వెనక బెంచీలో వేయొద్దండి, ఆ బిడ్డకు మిగతావాళ్ళ కంటే ఎక్కువ మాటలు కావాల. మన రాష్ట్రంలో బడిలో వండిపెట్టే మధ్యాహ్నభోజనం 2003 జనవరిలో మొదలైంది. ఆ గుడ్డు, ఆ పప్పు ధర్మం కాదు, హక్కు. గుడ్డు సైజు తగ్గినా, నీళ్ళ పప్పు వచ్చినా, మన అక్క వండితే తినమని ఎవడన్నా అన్నా ఊరుకోవద్దండి. అక్కలారా! అంగన్‌వాడీలో బరువు తూస్తున్నారా లేదా అడగండి. అయిదేళ్ళ బిడ్డ ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో 40 పాళ్ళకు పైగా మెదడే తినేస్తుంది. కాబట్టి కూలికి పోయే తొందరలో బిడ్డకు ముద్ద తగ్గిందంటే ఆ కోత ముందు తలకే తగులుతుంది. తప్పు మీది కాదు, కూలి రేటుది. అందుకే కూలి కోసం, భూమి కోసం చేసే పోరాటం కూడా బిడ్డల మెదడు కోసం చేసే పోరాటమే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! హాస్టల్లో ఎవడన్నా మీ సీటు చూపించి మెరిట్ గురించి మాట్లాడితే తల వంచుకోవద్దండి. వాడి తల చుట్టూ టేపు పెట్టినా, మీ తల చుట్టూ టేపు పెట్టినా దాంట్లో కులం దొరకదు. ఎవరి తలకు ఎంత అన్నం అందింది, ఎన్ని పుస్తకాలు అందినాయి, ఎంత మర్యాద అందింది అని కొలవమనండి. ఆ కొలతకు వాళ్ళు సిద్ధంగా లేరు. దానికి వాళ్ళను సిద్ధం చేయడమే మన ఉద్యమం.

జై భీమ్!